గుర్రం బొమ్మ చొక్కాకు సైన్యం మ్యాచ్ ఎందుకు? పోలో స్పాన్సర్‌షిప్ లెక్కలు, మన మగ్గాలకు అందులో ఉన్న చోటు

నల్లగొండ గడియారం సెంటర్‌లో గానీ మహబూబ్‌నగర్ క్లాక్‌టవర్ దగ్గర గానీ రెడీమేడ్ దుకాణానికి పోయి కాలరున్న టీషర్టు చూపించమంటే, ఛాతీ మీద గుర్రం బొమ్మ ఉన్నవే ముందు బయటికి తీస్తారు. ఒక గుర్రం, రెండు గుర్రాలు, కర్ర పైకెత్తిన సవారీ, కర్ర దించిన సవారీ. అసలుదీ నకలుదీ ఒకే ర్యాకులో ఉంటాయి. గుర్రాల మీద సవారీ చేస్తూ పొడవాటి కర్రతో బంతిని కొట్టే పోలో మ్యాచ్ కళ్లారా చూసినవాళ్లు ఈ జిల్లాల్లో అరుదు, ఆ బొమ్మ ఎరగనివాళ్లు ఇంకా అరుదు. సైనికులు ఆడే పోలో మ్యాచ్‌కు బట్టల కంపెనీ డబ్బు ఎందుకు పెడుతుందన్న ప్రశ్నకు సగం జవాబు ఆ ర్యాకులోనే ఉంది. బొమ్మ ఎవరైనా కుట్టిస్తారు, కుట్టిస్తూనే ఉన్నారు. దాని వెనక నిజంగా ఒక ఆట ఉందని చూపించడమే కష్టం. కంపెనీ మ్యాచ్‌లో కొనుక్కునేది ఆ రుజువునే.

ఆ మాటకొస్తే పోలో షర్టుకూ పోలోకూ ఉన్న చుట్టరికం చాలా దూరపుది. ఇప్పుడు మనం వేసుకునే పొట్టి చేతుల, జాలీ అల్లిక చొక్కాను 1926లో అమెరికా టెన్నిస్ పోటీల్లో ఫ్రెంచి ఆటగాడు రెనె లకోస్త్ వేసుకున్నాడు. 1933లో అదే మొసలి బొమ్మతో దుకాణాల్లోకి వచ్చింది. పోలో ఆటగాళ్ల నుంచి నిజంగా వచ్చింది కాలర్ కొసలకు పెట్టే గుండీలు. గాలికి కాలర్ మొహం మీద కొట్టకుండా ఇంగ్లండు ఆటగాళ్లు పెట్టుకున్న ఏర్పాటును బ్రూక్స్ బ్రదర్స్ కంపెనీ అమెరికాకు పట్టుకుపోయింది. జోధ్‌పురి పంట్లాం కూడా అట్లాంటిదే: 1897లో సర్ ప్రతాప్ సింగ్ జట్టు లండన్ వెళ్లినప్పుడు అక్కడివాళ్ల కంట్లో పడింది. అమెరికా డిజైనర్ రాల్ఫ్ లారెన్ 1967లో ‘పోలో’ పేరుతో మొదట అమ్మింది టైలు. చొక్కాలు 1972లో వచ్చాయి. అదే కంపెనీ 2006 నుంచి వింబుల్డన్ టెన్నిస్ అంపైర్లకు బట్టలు కుట్టిస్తోంది. టెన్నిస్ చొక్కాకు పోలో పేరు, పోలో కంపెనీకి టెన్నిస్ స్పాన్సర్‌షిప్. వ్యాపారంలో పేర్లు ఇట్లాగే నడుస్తాయి.

ఒంటి గుర్రం బొమ్మ ఈ రాల్ఫ్ లారెన్‌ది. రెండు గుర్రాల బొమ్మ కథ వేరు. అమెరికాలో ఆ ఆటను నడిపే యునైటెడ్ స్టేట్స్ పోలో అసోసియేషన్ 1890లో పుట్టింది. యూఎస్ పోలో అసోసియేషన్ బట్టల బ్రాండు ఆ సంఘానిదే, భారత్‌లో లైసెన్సు అర్వింద్ కంపెనీ దగ్గర ఉంది. ఈ సంఘానికీ రాల్ఫ్ లారెన్‌కూ 1984 నుంచి కోర్టుల్లో పంచాయితీ. రెండు గుర్రాల బొమ్మకు నాలుగు రూపాలు చూపిస్తే, బట్టల మీద మూడింటికి అభ్యంతరం లేదనీ ఒకటి మాత్రం అవతలివాళ్ల బొమ్మను పోలి ఉందనీ 2006 నాటికి తేలింది. సెంటు సీసాలకు వచ్చేసరికి 2011లో సంఘమే ఓడిపోయింది, 2013లో పై కోర్టూ అదే ఖాయం చేసింది. ఇన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన బ్రాండుకు ‘మాది అసలు ఆట’ అన్న మాట ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు. మైదానంలో ఆటగాడి వీపు మీద పేరు కనిపించిన ప్రతి ఫొటో ఆ మాటకు సాక్ష్యమే. మ్యాచ్ చూడడానికి వచ్చింది అయిదొందల మందే అయినా కంపెనీ దిగులు పడదు. దానికి కావలసింది ఆ ఫొటో.

సైన్యమే ఎందుకు

ప్రైవేటు పోలోలో పెద్ద ఖర్చు గుర్రాలు. జట్టుకు ఒక ధనవంతుడైన పోషకుడు ఉంటాడు, ఆటగాళ్ల జీతాలు, గుర్రాల మేత, వాటిని చూసుకునే సైసుల కూలీ, వైద్యం అతనే భరిస్తాడు. బయటి కంపెనీ స్పాన్సర్‌గా వస్తే ఆ పోషకుడి పేరు పక్కన రెండో వరసలో నిలబడాల్సిందే. సైన్యం జట్టుకు అట్లాంటి పోషకుడు ఉండడు. గుర్రాలను రీమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ పెంచి, శిక్షణ ఇచ్చి యూనిట్లకు పంపుతుంది. సైసులు ఉద్యోగులు, మైదానం కంటోన్మెంటుది, డాక్టరూ పశువైద్యుడూ లోపలివాళ్లే. అంటే బిల్లులో అన్నిటికంటే బరువైన పద్దులు ముందే తీరిపోయి ఉంటాయి. స్పాన్సర్ పెట్టే రూపాయి జెర్సీలకు, ట్రోఫీకి, షామియానాకు, టీ ఫలహారాలకు, కామెంటరీకి, కెమెరాకు నేరుగా చేరుతుంది. అదే సొమ్ముకు సివిలియన్ టోర్నమెంటులో మూలన ఒక ఫ్లెక్సీ దక్కితే దక్కుతుంది.

రెండో కారణం గౌరవం. ఆధునిక పోలోను లోకానికి తిప్పింది పటాలాలే. మణిపురీల ఆట చూసి 1859లో సిల్చర్‌లో క్లబ్బు పెట్టారు, 1862లో కలకత్తాలో మరొకటి వచ్చింది, అక్కణ్నుంచి అశ్వికదళాలు ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి ఆటా పోయింది. ఇండియన్ పోలో అసోసియేషన్ 1892 నాటిది. 1953లో సంస్థానాల అశ్విక దళాలను కలిపి పెట్టిన దళమే జైపూర్ స్థావరంగా ఉన్న 61వ కావల్రీ. ఆర్మీ పోలో అంటే ఇప్పటికీ ముందు వినిపించే పేరు అదే.

ఈ చరిత్రలో మన వైపు వాటా చిన్నదేం కాదు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని పట్టుకున్న బ్రిగేడులో జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లతో పాటు హైదరాబాద్ లాన్సర్లు ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి చౌరస్తాలోని మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ సంస్థానానిది. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. వనపర్తి సంస్థానం పెంచి నిజాముకు ఇచ్చిన దళమది. సూర్యాపేట చౌరస్తాలో, గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్‌బాబు విగ్రహం ముందు ఆగి దండం పెట్టుకునేవాళ్లకు సైనికుడి మర్యాద ఏమిటో ప్రకటన చూసి నేర్చుకోవలసిన పని లేదు. బ్రాండు ఆశపడేది ఆ మర్యాద నీడలో కాసేపు నిలబడాలనే. ఒప్పందంలో చిక్కులు కూడా అక్కడే మొదలవుతాయి, ఎందుకంటే సైన్యం తన మర్యాదను అమ్మకానికి పెట్టదు. మ్యాచ్‌కు సహకరించినవారిగా పేరు వేస్తుంది గానీ ‘ఈ చొక్కా మంచిది’ అని యూనిఫాంలో ఉన్న ఏ అధికారీ అనడు, అనకూడదు. బ్రిటన్‌లో హ్యాకెట్ కంపెనీ ఆర్మీ పోలో పేరు మీదే చొక్కాలు అమ్ముకోగలిగింది. మన దగ్గర ఆ నమూనాను చూసి ఎవరైనా ఆశపడితే మొదటి మీటింగులోనే ఎదురుదెబ్బ తగులుతుంది.

ఎన్ని జెర్సీలు, లోగో ఎక్కడ

బట్టల కంపెనీలే బట్టల లెక్క తప్పడం ఈ రంగంలో మామూలు. నలుగురేసి ఆటగాళ్లు కాబట్టి ఎనిమిది జెర్సీలు చాలనుకుంటారు. నిజానికి ఒక్కో జట్టుకు నలుగురు, ఒక రిజర్వు. ఒక్కొక్కరికి రెండు జెర్సీలు. ఇరవై అక్కడే అయిపోయాయి. రెండోది ఎందుకంటే, నాలుగు చక్కర్లు (ఏడేసి నిమిషాల ఆట భాగాలు) ఆడాక మొదటిది చెమట, దుమ్ము, గుర్రం నురుగుతో ముద్దయిపోతుంది. పేపర్లో వచ్చేదేమో బహుమతి ప్రదానం ఫొటో. గుర్రాల మీద ఉండే ఇద్దరు అంపైర్లకు, బయట కూర్చునే మూడో వ్యక్తికి చారల చొక్కాలు వేరే. రెండు వైపులా గోలు స్తంభాల దగ్గర జెండా ఊపేవాళ్లు నలుగురు. అసలు మరిచిపోయేది సైసులను. చక్కర్ల మధ్య గుర్రాలు మార్చేటప్పుడు ప్రతి ఫొటోలో ఆటగాడి పక్కన సైసు ఉంటాడు. అతను పాత చిరుగు బనీనులో కనిపిస్తే స్పాన్సర్ పెట్టిన ఖర్చంతా ఆ బనీను మింగేస్తుంది. పదహారు నుంచి ఇరవై మంది సైసులకు కాలర్ టీషర్టులు కలుపుకుంటే చొక్కాలే మొత్తం నలభై అయిదు దాకా తేలుతాయి, టోపీలు వేరే. సైజులను ఫోన్లో అడిగి రాసుకోవద్దు, పాత జెర్సీ తెప్పించి టేపు పెట్టి కొలవాలి. చేయి నెత్తి మీదుగా పూర్తిగా గిర్రున తిప్పే ఆట ఇది. చంక దగ్గర బిగుతుంటే మొదటి చక్కర్‌లోనే కుట్టు వీడుతుంది.

గుడ్డ సంగతి. దుకాణంలో అమ్మే పికే కాటన్ చదరపు మీటరుకు 200 నుంచి 220 గ్రాముల బరువుంటుంది. మ్యాచ్‌కు అది బరువెక్కువ, చెమట పట్టి ఇంకా బరువెక్కుతుంది. 150 గ్రాముల లోపు పాలిస్టర్ జాలీ గుడ్డ మేలు. రంగులన్నీ సబ్లిమేషన్‌లో అచ్చు వేయించాలంటే పాలిస్టరే దిక్కు, కాటన్ మీద ఆ రంగు నిలవదు. ‘మా బ్రాండు కాటన్‌దే’ అని పట్టుబట్టే కంపెనీ సైసులకు, అతిథులకు కాటన్ ఇచ్చి ఆటగాళ్లను వదిలెయ్యడం మంచిది.

లోగో ఎక్కడ వెయ్యాలన్నది మామూలుగా డిజైనర్ కంప్యూటర్ ముందు కూర్చుని తేలుస్తాడు, నిలబడ్డ మనిషి బొమ్మ మీద. పోలోలో ఎవడూ నిలబడి ఉండడు. ఆటగాడు జీనులోంచి లేచి ముందుకు వంగుతాడు. ఛాతీ గుర్రం మెడ వైపు తిరిగిపోతుంది. కర్ర ఎప్పుడూ కుడి చేతిలోనే ఉండాలి, ఎడమ చేతివాటం వాళ్లకూ మినహాయింపు లేదు. కాబట్టి కుడి వైపు ఛాతీని ఆ చేయే కప్పేస్తుంది. కెమెరాకు బాగా దొరికేది వీపు, ఎడమ భుజం, గుర్రం జీను కింది గుడ్డ వెనక మూల. వీపు మీద 1 నుంచి 4 దాకా అంకె దూరానికి కనిపించాలి, లోగో దాని మీదికి ఎక్కకూడదు. జీను గుడ్డ ముందు భాగం ఆటగాడి కాలు కింద దాక్కుంటుంది, అక్కడ వేసిన పేరు దండగ. ఛాతీ మీద చిన్న ఎంబ్రాయిడరీ వెయ్యండి, బహుమతి ఫొటోకు పనికొస్తుంది. దానికోసం ఒప్పందంలో ఎక్కువ డబ్బు ఒప్పుకోవద్దు.

జట్టు రంగుల గురించి వాదించడం వృథా. రెజిమెంటు రంగులు రెజిమెంటువే, బ్రాండు కోసం మారవు. రెండు జట్లూ ముదురు రంగులవే అయితే దుమ్ములో అంపైరుకే తేడా తెలియదు. అప్పుడు ఒకరికి తెల్ల జెర్సీ మీద రెజిమెంటు పట్టీ అడగాలి, అదీ నెల ముందే.

మైదానంలో ఏం చెడుతుంది

పోలో మైదానం 300 గజాల పొడవు, 160 గజాల వెడల్పు. మన లెక్కలో పది ఎకరాలకు కాస్త తక్కువ. పక్కల పది గజాలు, గోలు స్తంభాల వెనక ముప్పై గజాల దాకా ఖాళీ వదలాలి కాబట్టి పదమూడు ఎకరాలు దాటుతుంది. నల్లగొండలోనో పాలమూరులోనో జిల్లా కేంద్రం నడిమధ్య అంత చదును నేల దొరకదు. దొరికినా చెల్క అయితే పలుగురాళ్లు, రేగడి అయితే ఎండకు నెర్రెలు. రెండూ గుర్రం కాలికి చేటే. ఆరుబయట పూర్తి మ్యాచ్ సికింద్రాబాద్, జైపూర్, ఢిల్లీల సరుకు. ఇక్కడ సాధ్యమయ్యేది అరీనా పోలో. దానికి 300 అడుగుల పొడవు, 150 అడుగుల వెడల్పు చాలు, అంటే ఎకరం పైన ఒకటి రెండు గుంటలు. జట్టుకు ముగ్గురే, బంతి పెద్దది, మెత్తనిది. ఇసుక కలిపిన నేల మీద ముందు రోజు సాయంత్రం ఒకసారి, ఉదయం ఒకసారి అయిదు వేల లీటర్ల ట్యాంకర్లతో తడపకపోతే రెండో చక్కర్‌కల్లా దుమ్ములో ఏమీ కనిపించదు.

అరీనాకు ఆరుగురు ఆటగాళ్లు, తలా రెండు గుర్రాలు, అంపైర్లకు రెండు, అదనంగా రెండు: పదహారు. ఒకే గుర్రాన్ని వరసగా రెండు చక్కర్లు ఆడించరు, మొత్తం మీద రెండు మించి ఆడించరు. లారీకి నాలుగు చొప్పున నాలుగు లారీలు. గ్లాండర్స్ రోగం లేదని రక్తపరీక్ష కాగితం లేకుండా గుర్రాలను తరలించకూడదు. నమూనా ప్రయోగశాల దాకా పోయి ఫలితం రావాలి, దానికి పట్టే రోజులు లెక్కలో వేసుకోకుండా తేదీ ప్రకటించినవాళ్లు చివరికి గుర్రాలు లేని వేడుక జరుపుకోవలసి వస్తుంది. నీళ్లు గుర్రానికి రోజుకు ముప్పై నుంచి నలభై అయిదు లీటర్లు తాగడానికే కావాలి, ఆట అయ్యాక కడగడానికి వేరే. కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. కార్గిల్ దినం బాగుంటుందని జూలై 26న పెట్టుకుంటే వాన, బురద, జారుడు.

ఊళ్లలో కబడ్డీ టోర్నమెంటు, గద్వాల, అలంపూర్ వైపు ఎద్దుల బండలాగుడు పోటీలు నడిపించి అలవాటైన నిర్వాహకులు ఇక్కడ కొన్ని అలవాట్లు మానుకోవాలి. డప్పులు, టపాసులు, ఈల కేకలు ఎద్దులను ఉరికిస్తాయి, గుర్రాలను బెదరగొడతాయి. గాలికి పటపటలాడే ఫ్లెక్సీ, గ్యాసు బెలూన్లు, తల మీద ఎగిరే డ్రోను కూడా అంతే. గోలు స్తంభాలు గుర్రం తగిలితే పడిపోయేలా తేలికగా కడతారు. వాటికి తీగతో బ్యానరు బిగిస్తే ఆ రక్షణ పోతుంది. సరిహద్దు చెక్కలు పదకొండు అంగుళాలు మించవు, గుర్రాలు వాటి మీదుగా దూకి బయటికి వస్తాయి. ఇనుప ఫ్రేము బోర్డులు ఆ పది గజాల ఖాళీ అవతలే ఉండాలి.

ఇంకో చిక్కు ప్రేక్షకులది. ఆటగాళ్లకు నైపుణ్యాన్ని బట్టి మైనస్ రెండు నుంచి పది దాకా హ్యాండిక్యాప్ అనే అంకె ఉంటుంది. ఒక జట్టు మొత్తం ఆరు, ఇంకో జట్టు మూడు అయితే, తేడా మూడును నాలుగు చక్కర్లతో హెచ్చించి ఆరుతో భాగిస్తే రెండు. బలహీనమైన జట్టు 2-0తో మొదలుపెడుతుంది. పైగా ఆరుబయట మ్యాచ్‌లో ప్రతి గోలుకూ జట్లు వైపులు మార్చుకుంటాయి. ఇవి ముందే తెలుగులో చెప్పకపోతే పది నిమిషాల్లో జనం లేచిపోతారు. ఏడు నిమిషాలకు గంట, ఏడున్నరకు చక్కర్ ఖతం. మధ్యలో మూడు నిమిషాల విరామాలు, సగం ఆటకు అయిదు. స్పాన్సర్ పేరు చదవాల్సింది ఆ విరామాల్లో. ఆట నడుస్తుండగా బ్రాండు పేరు మైకులో మోగించమని అడిగే కంపెనీని చూస్తే జాలి కలుగుతుంది, ఆ క్షణంలో అందరి చూపూ బంతి మీద ఉంటుంది.

కాగితాలు

సైన్యం ముద్రలో కత్తుల మీద అశోక సింహాలున్నాయి. 2005 రాజచిహ్నం చట్టం, 1950 చిహ్నాలు పేర్ల చట్టం రెండూ గుర్తుంచుకుంటే ఆ ముద్రను చొక్కా మీద వేసి అమ్మాలన్న ఆలోచన రాదు. 2022లో వచ్చిన కొత్త పోరాట యూనిఫాం మచ్చల డిజైనును సైన్యం తన పేర రిజిస్టరు చేయించుకుంది. ఆ మచ్చల గుడ్డతో ‘ఆర్మీ కలెక్షన్’ కుట్టడం కేసు కొనితెచ్చుకోవడమే. మూడు రంగుల జెండాను ప్రకటనగా వాడరాదు, నడుము కింది బట్టల మీద వెయ్యరాదు. జీను కింద పరిచే గుడ్డ మీద జెండా వేయించాలని ఏ ఉత్సాహవంతుడికైనా అనిపిస్తే అక్కడే ఆపాలి. అమరవీరుల ఫొటోలు కుటుంబం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఫ్లెక్సీ మీదికి ఎక్కించకూడదు, ఒప్పుకున్నా చొక్కా ధర పక్కన పెట్టకూడదు.

సీఎస్ఆర్ (కంపెనీలు లాభంలోంచి సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) పద్దులో రాసేద్దాం అన్న సలహా తరచూ వినిపిస్తుంది. గ్రామీణ క్రీడల శిక్షణ, సైనిక కుటుంబాల సంక్షేమం ఆ జాబితాలో ఉన్న మాట నిజమే. కానీ సొంత సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కాదని 2021లో సవరించిన నిబంధనలు సూటిగా చెప్పాయి. జెర్సీ మీద పేరు వేసుకున్నాక ఆ ఖర్చు ప్రకటన ఖర్చే. స్పాన్సర్‌షిప్ సేవ మీద జీఎస్టీ 18 శాతం. స్పాన్సర్ కంపెనీ గానీ భాగస్వామ్య సంస్థ గానీ అయితే దాన్ని రివర్స్ చార్జి కింద తానే కట్టాలి. నిర్వాహకులు కూడా కంపెనీ అయితే 2025 జనవరి 16 నుంచి వాళ్లే బిల్లులో వేసి కడతారు. చేనేత సహకార సంఘం కంపెనీ లెక్కలోకి రాదు కాబట్టి దాని లెక్క వేరు. మాట ఖాయం చేసుకునే ముందే ఆడిటర్‌ను అడగాలి, బిల్లు వచ్చాక అడిగి లాభం లేదు.

‘ప్రతి చొక్కా మీద ఇంత సైనిక సంక్షేమ నిధికి’ అని ప్రకటిస్తే ఎన్ని అమ్మారో, ఎంత జమ చేశారో రశీదుతో చూపించాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా, డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినానికి ఇవ్వడం తేలిక, లెక్కా శుభ్రంగా ఉంటుంది.

పోచంపల్లి, పుట్టపాక, గద్వాల

పెద్ద కంపెనీ నగదు పెడుతుంది. మన చేనేత సంఘం సరుకు పెట్టొచ్చు, ఫొటోలో చోటుకు అదీ చెల్లుతుంది. ఎక్కడ పెట్టాలన్నదే తెలియాలి. జెర్సీకి నేత గుడ్డ పనికిరాదు, సాగదు. జీను గుడ్డకు ఇంకా పనికిరాదు: గుర్రం చెమటకు, రాపిడికి రంగు దిగితే అది అంటేది ఆటగాడి తెల్ల పంట్లాంకే, అదీ అందరి ముందు. పనికొచ్చే చోటు బహుమతి వేదిక: అతిథులకు కప్పే శాలువాలు, గెలిచిన జట్టు మెడలో ఉత్తరీయాలు, ట్రోఫీ బల్ల మీద పరిచే గుడ్డ, భార్యాపిల్లలతో వచ్చే అధికారులకు ఇచ్చే కానుకలు. బల్ల గుడ్డను చిన్నచూపు చూడకండి, ప్రతి బహుమతి ఫొటోలోనూ అదుంటుంది.

పోచంపల్లి చిట్కి (ఇక్కత్) పనిలో లోగో అడిగితే మొహమాటం లేకుండా కాదనాలి. నూలు పోగులను కట్టలుగా కట్టి రంగు వేశాక నేతలో అవి వెంట్రుకవాసి జరుగుతాయి, అంచులు ఈకల్లా చెదురుతాయి. అందం అక్కడే ఉంది, కానీ మూడు అంగుళాల్లో అక్షరాలు చదవడం కుదరదు. రెజిమెంటు రంగుల్లో త్రిభుజాలు, మెట్లు, బాణపు కొసలు అయితే బ్రహ్మాండంగా వస్తాయి. పేరు కావాలంటే కొంగు మూల ఎంబ్రాయిడరీ. పుట్టపాక తేలియా రుమాలు ఈ పనికి ఎక్కువ అనువు: ఎరుపు, నలుపు, తెలుపు రంగులు, చతురస్రం ఆకారం, ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలగుడ్డగా పోయిన చరిత్ర, 2020లో వచ్చిన భౌగోళిక గుర్తింపు. నూనె, ఆముదపు కాయల బూడిదలో నానిన నూలు కాబట్టి కొత్తలో వాసన ఉంటుంది. ప్యాకింగులో ఆ సంగతి రాసిన చీటీ పెడితే ఫిర్యాదు రాదు, కుతూహలం వస్తుంది. గద్వాలది నూలు ఒళ్లు, పట్టు అంచు. శాలువా వెడల్పుకు తగ్గిస్తే తేలికగా, మర్యాదగా ఉంటుంది.

అరవై ఉత్తరీయాలు, ఒక్కోటి రెండు మీటర్లు, మొత్తం నూట ఇరవై మీటర్లు. పేక (అడ్డపోగు) చిట్కి అయితే ఒక మగ్గం మీద రోజుకు రెండు మూడు మీటర్లు దిగుతుంది. నాలుగు మగ్గాలు పెట్టినా నేతకే పది నుంచి పదిహేను రోజులు. గ్రాఫు గీయడం, ఆసు పోయడం (నూలును చట్రం మీద చుట్టడం), కట్టడం, అద్దకం, ఆరబెట్టడం ముందు ఉన్నాయి; వానాకాలం అయితే గుంట మగ్గంలో తేమ చేరి ఇంకా లాగుతుంది. రెండు నెలల కంటే తక్కువ గడువుకు ఒప్పుకుంటే చివరి వారం ఎవరో ఒకరు ప్రింటు గుడ్డ తెచ్చి కలిపేస్తారు, సైన్యం ముందు సంఘం పేరు పోతుంది. ప్రతి ముక్కకూ చేనేత గుర్తు, భౌగోళిక గుర్తింపు చీటీ ఉండేలా ఒప్పందంలోనే రాయాలి. అద్దకం అయ్యాక తడిపిన తెల్ల గుడ్డతో పదిసార్లు గట్టిగా రుద్ది చూడాలి, మరక పడితే ఆ లాటు మళ్లీ ఉతకాలి.

సొంత బ్రాండు పెట్టుకునే కుర్రాళ్లకు ఒక మాట: గుర్రం మీద కర్ర పట్టిన మనిషిని లోగోగా గీయించకండి. బట్టలకు ట్రేడ్‌మార్కు 25వ తరగతిలో వస్తుంది, ఆన్‌లైన్ దరఖాస్తుకు వ్యక్తులకూ చిన్న పరిశ్రమలకూ రుసుము 4,500 రూపాయలు. ఆ బొమ్మతో పోతే అభ్యంతరం నోటీసు ఖాయం. పోలో స్పాన్సర్‌షిప్‌లో నేర్చుకోవలసింది బొమ్మను కాదు, ఆటలో నిజంగా చోటు సంపాదించడాన్ని. బండలాగుడు పోటీల్లో ఎద్దుల మీద కప్పే గుడ్డలు, జత యజమానులకు చుట్టే పాగాలు గద్వాల మగ్గం నుంచి వెళ్తే దాని ఫొటో ఏ పోలో ఫొటోకూ తీసిపోదు, పైగా పోటీకి వచ్చే బ్రాండూ లేదు.

చెల్లింపు మూడు ముక్కలుగా పెట్టుకోవాలి: సంతకం రోజు సగం, గుర్రాల వైద్య పత్రాలు చూపించాక పావు, ఒప్పుకున్న ఫొటోలు చేతికొచ్చాక మిగతా పావు. వాన వల్ల వాయిదా పడితే అదే డబ్బుతో మరో తేదీ. రద్దయితే కుట్టేసిన జెర్సీలు ఎవరివి, వాటి మీద రెజిమెంటు పేరు ఉంటే వాటిని దుకాణంలో అమ్మొచ్చా లేదా అన్నది ముందే రాసుకోవాలి. పేరున్నవి యూనిట్‌కు అప్పగించి రశీదు తీసుకోవడం మంచి పద్ధతి. వాటిని సేల్ పెట్టిన దుకాణానికి మరుసటి ఏడాది ఆ గేటు తెరుచుకోదు.